ఎనిమిది మూళ్లు, చివర ఒకటి

"సార్, అది ప్రైమ్ కాదు."

నంద్యాలలో బ్యాంకు కోచింగ్ సెంటర్లు సందుకొకటి ఉన్నాయి. ఏ సందులోనూ, ఏ సెంటర్లోనూ వినపడని మాట ఇది. అక్కడ సార్ చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో టిక్ పెట్టి వస్తారు. మధ్యలో లేచి కాదనే తీరిక ఎవరికీ ఉండదు.

మార్కర్ పట్టుకున్న బెన్నీ చెయ్యి గాల్లోనే ఆగింది. వెనక్కి తిరగకముందే ఆ గొంతు ఎవరిదో అతనికి తెలిసిపోయింది. అతనికి తెలిసిపోయిందన్న సంగతి క్లాసు మొత్తానికీ తెలిసిపోయింది. వెనక బెంచీల్లో ఎవరో పనిగట్టుకుని దగ్గారు.

రెండో వరుసలో రెబెకా నిలబడి ఉంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, బ్యాంకు ఉద్యోగం కోసం ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి.

"ఏది కాదు?" అన్నాడు బెన్నీ.

"ఆఖర్ది సార్. ఎనిమిది మూళ్లది."

బోర్డు మీద అంకెలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. 31. దాని కింద 331. దాని కింద 3331. అలా ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ముందు ఒక్కో మూడు చేరుతుంది, చివర మాత్రం ఎప్పుడూ ఒకటే. ఇవన్నీ ప్రైమ్ నంబర్లు, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితో భాగించినా ఎంతో కొంత శేషం మిగిలే నంబర్లు. ముందు ఎన్ని మూళ్లున్నా సరే, చివర ఒకటి కనిపిస్తే కళ్లు మూసుకుని ప్రైమ్ అని టిక్ పెట్టేయండి అన్నది బెన్నీ సార్ సూపర్ ట్రిక్. దాని వీడియో లక్షల మంది చూశారు. డైరెక్టర్ వెంకటేష్ ఆ మెట్లతో గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా వేయించాడు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ బెన్నీ ఫొటో.

"ఏడు మూళ్ల వరకు మీరు చెప్పింది నిజమే సార్. ఎనిమిదో మూడు పెడితే పదిహేడుతో పోతాది. నేను ఇంట్లో వేసి చూసినా."

"పదిహేడుతోనే పోతాదా? పద్దెనిమిదితో పోదా?"

క్లాసు గొల్లుమంది. 'చూసి రేపు చెప్తాను' అని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ అమ్మాయికి లొంగిపోయాడని అప్పటికే హాస్టళ్లలో గుసగుసలు. ఇప్పుడు లెక్కలో కూడా లొంగితే ఇంకేమైనా ఉందా?

"ఇంట్లో వేసింది ఇక్కడ వేద్దాం," అని బోర్డు మీద పెద్దగా రాశాడు. 333333331. ముప్పై మూడు కోట్ల ముప్పై మూడు లక్షల ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై ఒకటి. చదువుతుంటేనే వెనక బెంచీ ఊపిరి బిగబట్టింది.

"ముప్పై మూడులో పదిహేడు ఒకసారి. శేషం పదహారు. మూడు దింపితే నూట అరవై మూడు. తొమ్మిది సార్లు, శేషం పది..."

చెయ్యి చకచకా కదిలింది. ఇలాంటి భాగాహారాలు అతనికి నిద్రలో కూడా వస్తాయి. నూట నలభై మూడు, ఎనిమిది సార్లు, శేషం ఏడు. ఇంకో మూడు దింపితే డెబ్బై మూడు. నాలుగు సార్లు, అరవై ఎనిమిది. డెబ్బై మూడులో అరవై ఎనిమిది తీసేస్తే ఐదు. చివరి ఒకటి దింపితే యాభై ఒకటి. పదిహేడు మూళ్లు యాభై ఒకటి.

రాయకముందే కనిపించింది. శేషం సున్నా.

వీపు వెనక హాలు నిండా జనం. మార్కర్ ఐదు రాయాలి. బెన్నీ ఆరు రాశాడు.

"శేషం ఆరు, ఒకటి దింపితే అరవై ఒకటి. పదిహేడు మూళ్లు యాభై ఒకటి. శేషం పది. పోయిందా?"

"పోలే సార్!" అని హాలు అరిచింది.

రెబెకా ఆ ఆరుని చూసింది. నోరు తెరిచింది. తర్వాత అతని చేతిని చూసింది. తెరిచిన నోరు మూసుకుంది.

"సారీ సార్. నేనే యాడో తప్పేసింటా," అని కూర్చుంది.

బెన్నీ డస్టర్ అందుకుని బోర్డు తుడిచేశాడు. అంత శుభ్రంగా అతను ఎప్పుడూ బోర్డు తుడవలేదు.

*

వానాకాలం మొదట్లో వీళ్లిద్దరికీ మాటలు కలిసింది బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్మే బండి ముందు. వాన దంచుతోంది. బండికి కట్టిన పట్ట కింద ఇద్దరు నిలబడగలరు, ఇద్దరే ఉన్నారు.

"మీకు ఇష్టమైన నంబర్ ఏది సార్?" అని అడిగింది రెబెకా, బజ్జీ చల్లారేలోపు.

"నా ఫోన్ నంబర్. కావాలా?"

"ఇయ్యండి. ప్రైమో కాదో చూసి చెప్తా."

ఇచ్చాడు. ఇంత తేలిగ్గా అడుగుతుందని అనుకోలేదు కాబట్టి చివరి రెండంకెలు తడబడ్డాడు. మర్నాడు క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆగి చెప్పింది.

"మీ నంబర్ మూడుతోనే పడిపోయింది సార్. అంకెలన్నీ కూడితే తెలిసిపోయె. రెండు నిమిషాలు కూడా నిలబడలే."

"మరి నీ నంబర్?"

"నాది అంత సులువుగా పడదులే."

అన్నదే కానీ ఆ సాయంత్రం ఆ నంబర్ నుంచే మెసేజ్ వచ్చింది, ఆళ్లగడ్డ చేరినానని. అప్పట్నుంచి రోజూ బస్సు దిగగానే ఒక మెసేజ్. అది వచ్చేదాకా బెన్నీకి అన్నం కూడా సహించేది కాదు.

డస్టర్ పట్టిన రోజు సాయంత్రం మెసేజ్ రాలేదు.

మర్నాడు ఆమె క్లాసుకు వచ్చింది. మెట్ల మీద పిల్లలు దారిచ్చినట్టే ఇచ్చి, "జరగండి రా, పదిహేడొచ్చింది" అన్నారు. బెన్నీ విన్నాడు. వినపడనట్టు అటెండెన్స్ తీసుకున్నాడు. ఎవరో ఆ పేరే మళ్లీ అంటే అలవాటు కొద్దీ నవ్వాడు కూడా. నవ్విన మరుక్షణం రెబెకా కళ్లు ఎదురయ్యాయి. ఆ నవ్వు దాచుకోవడానికి చోటు దొరకలేదు.

ఆ తర్వాత ఆమె రాలేదు.

రెండో వరుసలో ఖాళీ చోటు చూసి పాఠం చెప్పడం అతని వల్ల కాలేదు. గేటు దాటుతుంటే ఫ్లెక్సీలో తన ఫొటో తననే చూస్తోంది. పక్క సందులోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, కూడు తినకుండా కెలుకుతాండావ్?" అంది తల్లి ఎస్తేరు. నర్సుగా రిటైరైన మనిషి. ఎవరి జ్వరం ఎంతో చెయ్యి వెయ్యకుండా చెప్తుంది.

"ఏం లేదుమా."

"ఏం లేకపోతే తిను. ఉంటే చెప్పు."

చెప్పాడు. అంకెలతో సహా చెప్పాడు. తల్లికి భాగాహారం అర్థమైందో లేదో గానీ ఆరు దగ్గర చెంబు కింద పెట్టేసింది.

"పిల్ల తప్పు చెప్పిందనుకొని అంటివా, కరెక్టని తెలిసి అంటివా?"

"తెలిసే అంటిని."

కొడుకు తల ఎత్తలేకపోయాడు.

"ఆ పిల్లకు చెప్పాల్సింది నాకు చెప్తాండావ్. నాకు చెప్తే ఏమొస్తాది? పో, ఆళ్లగడ్డ బస్సెక్కు."

*

ఆళ్లగడ్డలో రెబెకా తండ్రి ఆనందరావు మాస్టర్ ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్ల వరుసలోనే ఉంది. రాయి కోసే మిషన్ మోత ఆ వీధికి గాలి లాంటిది, ఎప్పుడూ ఉంటుంది. ఎదురు షెడ్‌లో శిల్పి ఓబులేసు సగం తెరిచిన కళ్లున్న నరసింహస్వామి విగ్రహం పక్కన నిలబడి బండరాయి కోస్తున్నాడు. తెల్లటి దుమ్ము వీధంతా కమ్మింది.

రెబెకా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆరిన బట్టలు తీస్తోంది. బెన్నీని చూసి తీగ మీద చెయ్యి ఆపింది.

"యాల వచ్చినారు సార్?"

"ఏందీ?"

"యాల వచ్చినారని అడుగుతాండా!"

"మాట్లాడనీకి!"

"వినపడలే!"

దారంతా బస్సు కిటికీ పక్కన కూర్చుని మెల్లగా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. మెల్లగా చెప్తే ఆ వీధిలో పక్కవాడికే వినపడదు. ఇక వేరే దారి లేక గొంతు చించుకున్నాడు.

"నువ్వు కరెక్టు! నాకు తెలుసు! తెలిసి తెలిసే ఆరు రాసినా!"

'నువ్వు కరెక్టు' దగ్గర మోత ఉంది. 'నాకు తెలుసు' దగ్గర కరెంటు పోయింది. 'తెలిసి తెలిసే ఆరు రాసినా' అన్నది మాత్రం నిశ్శబ్దంలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లింది. ఉలులు ఆగాయి. ఓబులేసు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి తొంగి చూశాడు.

"ఏం రాసినాడంట పాపా?"

"ఏం లేదు చిన్నాయనా," అంది రెబెకా. ముఖం కందిపోయింది.

ఆనందరావు మాస్టర్ బనీను మీద తువ్వాలు వేసుకుంటూ బయటికొచ్చాడు. హైస్కూల్లో తెలుగు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాడు.

"లోపలికి రాప్పా. వీధిలో నిలబడి అరిచేదేముంది?"

లోపల కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ ఆరు సంగతి ఏందో చెప్పమన్నాడు. బెన్నీ మొత్తం చెప్పాడు. నవ్విన నవ్వు గురించి కూడా. మాస్టర్ మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. విన్నాక అద్దాలు తీసి తుడుచుకుని, లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదని బెన్నీకి అనిపించింది.

రెబెకా వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది.

"నేనొక మాట అడగనా? క్లాసులో అప్పుడే చెప్పింటే నేను ఏమీ అనలేకపోయేటోన్ని. యాల గమ్మునుంటివి?"

"నీ చెయ్యి వణికింది."

అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. సంతోషించాల్సిన మాట అలాంటి చోట వచ్చింది.

"అంతమంది ముందర నీ చెయ్యి వణుకుతాంటే నా నోరు రాలేదు. నీ బదులు నాకు సిగ్గయింది. అందుకే సారీ చెప్పినా. అది అబద్ధం. నీ అబద్ధంలో నన్ను గూడా కలుపుకుంటివి."

బెన్నీ ఆమెను అవమానించానని మాత్రమే అనుకుంటూ వచ్చాడు. దానికంటే కింద ఇంకో మెట్టు ఉందని తెలియదు.

"పిల్లోళ్లు పదిహేడని పిలిస్తే పిలవనీ, నాకేం నొప్పి లేదు. తెలీక తప్పు చేసింటే వానలో నిలబడి నవ్వుకునేవాళ్లం ఇద్దరం. తెలిసి చేసినావే! రేపు పెండ్లయినాంక కూడా ఇంతేనా? నాది కరెక్టని తెలిసి కూడా నలుగురి ముందర ఆరు రాస్తావా?"

పెండ్లి అన్న మాట ఆమె నోట్లోంచి వచ్చాక ఇద్దరికీ వినపడింది. ఆమె గబగబా చున్నీ కొసలు మడతపెట్టింది.

"ఏం పెండ్లి? ఎవరితో?" అన్నాడు బెన్నీ, ఆశ చావక.

"ఎవరితోనో. నీతోనని ఎవరన్నారు? మా నాయనకు నీ గురించి గొప్పలు చెప్పుకున్యా. ఇప్పుడు ఆయప్ప ముందర నా తలకాయ యాడ పెట్టుకోవల్ల?"

"ఏం చేయమంటావో చెప్పు, చేస్తా."

"నేను చెప్తే చేసేది దేనికి? బస్సుకు టైమయింది, పో."

కరెంటు వచ్చింది. మిషన్ మళ్లీ మోత పెట్టింది. తర్వాత ఆమె ఏమైనా అన్నా వినపడేది కాదు. అనలేదు.

*

సోమవారం క్లాసుకు ముందు బెన్నీ డైరెక్టర్ గదిలోకి వెళ్లాడు. సంగతి విని వెంకటేష్ తల పట్టుకున్నాడు.

"ఒక్క అంకె గదప్పా! ఎవరు చూసినారు? వీడియో తీసేస్తే ఎదురు సందోళ్లు పండగ చేసుకుంటారు."

"తీసేసినా అన్నా. పొద్దున్నే."

వెంకటేష్ మాట పూర్తయ్యేలోపు బెన్నీ హాల్లో ఉన్నాడు. బోర్డు మీద మళ్లీ అదే నంబర్ రాశాడు. అదే పదిహేడు. అదే ముప్పై మూడులో ఒకసారి. డెబ్బై మూడు దగ్గర ఆగి, మార్కర్ రెండో వరుసలో చందనకు ఇచ్చాడు. చందన రెబెకాతో పాటు కూర్చునే అమ్మాయి.

"తీసివేత నువ్వు చెయ్యి."

చందన వచ్చి ఐదు రాసింది. ఒకటి దింపింది. యాభై ఒకటి కింద యాభై ఒకటి రాసి, సున్నా చుట్టి, అతని వైపు అయోమయంగా చూసింది.

"పోయింది సార్."

"అవును. ఆరోజు కూడా పోయింది. ఐదు రాయాల్సిన చోట నేను ఆరు రాసినా. పొరపాటున కాదు. సున్నా వస్తుందని కనపడింది. మీ ముందు ఓడిపోతానని భయపడి రాసినా. రెబెకా చెప్పింది కరెక్టు. ఆ అమ్మాయి తప్పని మీ అందరితో అనిపించినా. మీరు పేరు పెట్టి పిలుస్తాంటే నవ్వినా."

చప్పట్లు కొడతారేమోనని మనసులో ఏదో మూల చిన్న ఆశ. ఎవరూ కొట్టలేదు. వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు, అంతే.

"మరి మీరు చెప్పిన మిగతా ట్రిక్కులు ఎట్ల నమ్మల్ల సార్?" అని చందనే అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

"నమ్మొద్దు. వేసి చూడండి. తొమ్మిది మూళ్లది కూడా నిన్న వేసి చూసినా. అది ఆరువందల డెబ్బై మూడుతో పోయింది. ఏడు మెట్లు నిలబడితే ఎనిమిదోది కూడా నిలబడుతుందని నేను అనుకున్నా. లెక్కలో అట్ల అనుకోకూడదు. వేసి చూడల్ల."

గంట మోగింది. నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందని అందరూ అంటారు. బెన్నీకి ఏమీ తేలికవలేదు. హాలు బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. పెద్ద బ్యాచ్ ఇంకొకరికి ఇచ్చి, బెన్నీని పొద్దున చిన్న బ్యాచ్‌కు మార్చారు. అతను ఎదురు చెప్పలేదు. ఆళ్లగడ్డకు ఫోన్ చెయ్యలేదు, మెసేజ్ పెట్టలేదు. చేసింది చూపించుకుని మెప్పు అడిగినట్టు ఉంటుందని ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ప్రతి సాయంత్రం అదే పని.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆనందరావు మాస్టర్ ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. వెనక రెబెకా. సన్నగా తుంపర పడుతోంది.

ఎస్తేరు ఇద్దరినీ ఒక్క చూపు చూసి, "లోపలికి రాండి, తడుస్తాండారు," అని కాఫీ పెట్టడానికి వెళ్లింది. వెళ్తూ కొడుకు వీపు మీద చిన్న దెబ్బ వేసింది. నిటారుగా కూర్చోమని.

"చందన అనే పాప మా పిల్లకు ఫోన్ చేసి చెప్పిందంట," అన్నాడు మాస్టర్. "నువ్వు యాల ఫోన్ చేయలేదప్పా?"

"సిగ్గయింది సార్."

మాస్టర్ తలూపాడు.

"ఆ పొద్దు మా ఇంట్లో నువ్వు చెప్తాంటే నేను లేచి లోపలికి పోతి. నీమీద కోపమొచ్చి పోయినానని అనుకున్యావ్ గదా? కాదు. ఒకసారి బళ్లో పద్యానికి నేను తప్పు అర్థం చెప్తే, ఒక పిల్లోడు లేచి సరిగ్గా చెప్పినాడు. వాన్ని బెంచీ ఎక్కించినా. వాడు చెప్పిందే కరెక్టని నాకు ఆడనే తెలుసు. ఆ పిల్లోడు తర్వాత బడికి రాలే. వాని ఇల్లు కూడా నాకు తెలుసు. ఒక్కసారి కూడా పోలేదప్పా నేను. రిటైరైపోతి."

రెబెకా తండ్రి వైపు తిరిగింది. ఈ మాట ఆమె కూడా ఇప్పుడే వింటోందని ముఖం చెప్పింది. మాస్టర్ కళ్లద్దాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నా వయసుకు నేను చేయలేంది నువ్వు చేస్తివి. మా పిల్లను ఇయ్యమని అడిగేదానికి నీకు సిగ్గుగా ఉంటాదని, నేనే అడుగుదామని వచ్చినా."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. బెన్నీ లేచి నిలబడ్డాడు. మాస్టర్ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఇంకో చెయ్యి అతని భుజం మీద వేశాడు.

"ఇంక పెద్దోళ్లం మేం మాట్లాడుకుంటాం. మీరు బయట నిలబడండి పోండి," అంది ఎస్తేరు కాఫీ గ్లాసులు తెస్తూ, కళ్లు కొంగుతో తుడుచుకుంటూ.

వసారా రేకుల మీద వాన సన్నగా చప్పుడు చేస్తోంది. రెబెకా చెయ్యి బయటికి చాచి చినుకులు పట్టింది.

"రెబెకా."

"ఊ."

"నువ్వంటే నాకు ఇష్టం. ఆ పట్ట కింద నిలబడినప్పట్నుంచి. ముందే చెప్పాల్సింది. చెప్పకుండా ఇంత చేసినా."

"తెలుసు." అతని వైపు తిరిగింది. పెదవి చివర నవ్వు మొదలై ఆగింది. "ఇంకా సిగ్గుగా ఉందా?"

బెన్నీకి అబద్ధం చెప్పాలనిపించింది. ఆ ముఖం చూశాక చెప్పలేదు.

"ఉంది. పోతాదని కూడా అనిపించడం లేదు."

"పోనీయకు," అంది రెబెకా, తడిచేత్తో అతని చెయ్యి పట్టుకుంటూ. "దాన్తో కలిపే చేసుకుంటా నిన్ను."